నాయిన కూర్చుని చూసిన బూట్లు

మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరమ్మ రోజూ పొద్దున గంటసేపు నడవమంది. నడవడానికి చెప్పులు చాలవా అంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆదివారం చర్చి అయిపోగానే బేగంపేటలో ఒక పెద్ద బూట్ల షాపుకు తీసుకుపోయింది. అక్కడ గోడ నిండా బూట్లే. నల్ల ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి నన్ను ఒక మిషను మీద నిలబెట్టి, నా పాదాల బొమ్మ టీవీలో చూపించింది. మడమల దగ్గర ఎర్రగా కనబడింది. "ఆంటీ, మీకు హీల్ మీద ప్రెషర్ ఎక్కువుంది. ఇది తీస్కోండి, ఫుల్ కుషన్. రోజు వాకింగ్ చేసినా, రన్నింగ్ చేసినా దూది మీద ఉన్నట్టుంటది" అని ఒక తెల్ల బూటు చేతికిచ్చింది. నేను బొటనవేలితో నొక్కి చూశాను. తర్వాత ఏమాలోచనలో ఉన్నానో ఏమో, ఆ బూటును స్టూలు మీద పెట్టి, చీర సర్దుకుని, దాని మీద కూర్చోబోయాను.

"మమ్మీ! ఏం చేస్తున్నవ్? అది బూటు!" అని మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. షాపు అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వానో ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మొత్తం చెప్తే అమ్మాయి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "గిదంతా రాసిపెట్టు మమ్మీ" అని ఒక నోటుబుక్కు కొనిచ్చింది. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత కిరాణా చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పులుంటే మనసులో పెట్టుకోకండి.

మా నాయిన లాలాగూడ వర్క్‌షాపులో రైలు బోగీల సీట్లు కుట్టేవాడు. సీటు లోపల కొబ్బరి పీచు ఎంత నింపాలి, ఫోము ఎంత మందం పెట్టాలి, రెగ్జిన్ ఎంత గుంజి కుట్టాలి, ఇదే ఆయన పని. సాయంత్రం వర్క్‌షాపు సైరను కూత పడి ఇంటికి వచ్చేటప్పటికి ఆయన వెంట జిగురు వాసన, రెగ్జిన్ వాసన, పీచు వాసన కలిసి వచ్చేవి. మా అమ్మ ఆయన్ని గడప బయటే నిలబెట్టి, పాత తువ్వాలుతో తల మీద, మీసాల మీద దులిపి, అప్పుడు లోపలికి రానిచ్చేది. లేకపోతే పప్పులో పీచు వస్తుంది. ఎన్నోసార్లు వచ్చింది కూడా. నాయిన దాన్ని పళ్ళెం అంచు మీద పెట్టి, "ఇది సెకండ్ క్లాసుది" అనేవాడు.

సీటులో పెట్టే మెత్త మంచిదో కాదో చూడడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. దాని మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రభువు ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా మనసులో చెప్పుకునేవాడు. ఆమెన్ అనే లోపల కింద పలక తగిలితే ఆ మెత్త ఫెయిలు. తగలకపోతే పాసు. వర్క్‌షాపులో గడియారం ఉన్నా ఆయనకు అక్కర్లేదు. ఈ అలవాటు పనిచేసే చోట ఆగలేదు. ఎవరింటికి పోయినా, ఏ కుర్చీలో కూర్చున్నా కళ్ళు మూసుకునేవాడు. ఇంటివాళ్ళు, ఎంత భక్తిపరుడో అనుకుని టీ కప్పు పట్టుకుని నిలబడేవాళ్ళు. కళ్ళు తెరిచి, "పీచు తక్కువ పెట్టిండ్రు" అనేవాడు. మా అమ్మ సిగ్గుతో తల కొంగులో దాచుకునేది.

అమ్మకు వంట ఎప్పుడూ ఆలస్యమే. నాయిన అన్నం క్యారేజీ నేను పట్టుకుపోవాలి. క్వార్టర్స్ నుంచి వర్క్‌షాపు గేటు దాకా, మధ్యాహ్నం కూత పడే లోపల అందాలి. చెప్పులు వేసుకుంటే జారుతాయని ఉత్తకాళ్ళతో ఉరికేదాన్ని. ఒకరోజు దారిలో హవల్దార్ మామ ఆపాడు. ఆయన మా వెనక లైనులో ఉండేవాడు. మిలిటరీ నుంచి రిటైరై ఆ మధ్యే వచ్చి, పొద్దున పూట గ్రౌండులో పోరగాళ్ళను పరిగెత్తించేవాడు.

"ఏయ్ పోరీ, ఎవల బిడ్డవు నువ్వు?"

"సామేలు బిడ్డను మామా. రూతు."

"డబ్బల చారుందా?"

"ఉన్నది."

"మూత తీయ్. చూస్తా."

మూత తీశాను. ఆయన వంగి చూసి, నా కాళ్ళ వైపు చూసి, మళ్ళీ చారు వైపు చూశాడు. "గింత జోరుగ ఉరికినా చుక్క ఒలకలే. రేపటిసంది పొద్దుగాల గ్రౌండుకు రా. మీ నాయినతోని నేను మాట్లాడుతా."

మాట్లాడాడు. అది ఊరికే మాట్లాడింది కాదు. బోయిన్‌పల్లి అవతల ఒక బిస్కట్ల ఫ్యాక్టరీ ఉండేది. దాని మేనేజరుకు ఆటల పిచ్చి. ఎండాకాలంలో ఆడవాళ్ళకు మూడు మైళ్ళ పరుగు పెట్టి, ముందు వచ్చిన పదిమందిని ఫ్యాక్టరీ టీములోకి, దాంతోపాటే పనిలోకి తీసుకుంటానన్నాడు. చదువు అడగరు. కాళ్ళు చూస్తారు. నా ముందు రెండే దారులు ఉన్నాయి. ఆ పని దొరికితే సరి. లేకపోతే పెద్దమ్మ ఇంట్లో, చాప మీద, పొద్దంతా కాగితం కవర్లు అంటించాలి. అప్పటికే ఆ పని ఒక నెల చేశాను. కూర్చుని కూర్చుని నా కాళ్ళు నావి కావేమో అనిపించేది. ఇంకోసారి ఆ చాప మీద కూర్చోవాలంటే ఏడుపు వచ్చేది.

అమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "ఉరుకు. వద్దంటలేను. గని ఒక్కదినం కుంటుకుంట ఇంట్లకొచ్చినవనుకో, ఆ దినంతోని బంద్. కుంటిదాన్ని ఇంట్ల పెట్టుకోని నేనేం జెయ్యాలె?"

మూడో వారానికే కుంటడం మొదలైంది. హవల్దార్ మామ గ్రౌండుతో ఆపకుండా తారు రోడ్డు మీద కూడా పరిగెత్తించేవాడు. పిక్కల ముందున్న ఎముక నిప్పు పెట్టినట్టు మండేది. మడమ నేలకు ఆన్చలేకపోయేదాన్ని. గ్రౌండు నుంచి మా లైను మొదలయ్యే మొగదాకా కుంటుకుంటూ వచ్చి, అక్కడ పంపు గట్టు మీద కాసేపు కూర్చుని, పళ్ళు బిగబట్టి, మా గడప దాటి వంటింటి దాకా పెళ్ళికూతురులాగా మెల్లగా నడిచేదాన్ని. "ఏందే, గింత ఇగురంగ నడుస్తున్నవ్?" అని అమ్మ అడిగితే, "పెద్దదాన్నయిన కద" అన్నాను. అమ్మకు అనుమానం వచ్చింది గానీ ఆ రోజుకు ఊరుకుంది.

ఇక దాయలేక హవల్దార్ మామకు చెప్పాను. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మ నీళ్ళకు పోయేదాకా ఆగి, నాయినతో గుసగుసగా చెప్పాడు. "సామేలు భాయ్, పోరికి బూట్లు గావాలె. పోటీకి ఇంకా నెల దినాలున్నది. రోజు రోడ్డు మీద ఉత్తకాళ్ళతోని ఉరికితె ఎముక పగుల్తది. బూటు అడుగున మంచి మెత్త ఉండాలె."

మెత్త అనే మాట వినగానే నాయిన మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. "మెత్త సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు.

మరుసటి ఆదివారం ఇద్దరం జనరల్ బజారుకు పోయాం. ఆడపిల్లలకు పరిగెత్తే బూట్లు అనేవి ఆ రోజుల్లో ఎవరూ అనుకోని సంగతి. ఒక షాపులో ముసలి సేటు మగపిల్లల కాన్వాస్ బూట్లు తీసి ముందు పెట్టాడు. నేను కాలు చాపాను. నాయిన నా కాలు పక్కకు జరిపి, బూటు జతను స్టూలు మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

సేటు నోరు తెరిచాడు. "అరే భాయ్, బూటు కాలుకేసుకోవాలె. నువ్వేంది, దానిమీద కూసున్నవ్?"

ప్రార్థన మధ్యలో నాయిన ఎవరికీ పలకడు.

సేటు నా వైపు వంగి, "మీ నాయినకు తబియత్ మంచిగ లేదా?" అన్నాడు.

"ప్రార్థన చేస్తున్నడు" అన్నాను.

సేటు వెంటనే గొంతు తగ్గించాడు. "చేస్కోనియ్, చేస్కోనియ్" అని తనూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాయిన కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు. "ప్రార్థన సగం కాలే, కింద పలక తగుల్తున్నది. ఇంకోటి చూపెట్టు." ఇంకోటి వచ్చింది. దాని మీదా కూర్చున్నాడు. ఐదు జతలు, ఐదు ప్రార్థనలు. ఆ బూట్లలో ఒక్కటీ నా కాలుకు తొడగలేదు. షాపుకొచ్చిన వాళ్ళు కొనడం మానేసి చూస్తూ నిలబడ్డారు. చివరికి నాయిన నా కాలు కంటే రెండు సైజులు పెద్ద జత ఒకటి తీసుకుని, "లోపల మెత్త నేనే పెట్టుకుంట. నీ దగ్గర బూట్లున్నయి గని మెత్తలు లేవు" అన్నాడు. సేటు వాటిని కాగితంలో చుడుతూ, "గింత దేవుని పేరు తీస్కోని బూట్లు కొన్నోన్ని నా జిందగీల చూడలే. బిడ్డ గెలుస్తది పో" అన్నాడు.

నాయిన దొంగతనంగా గుండుసూది కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు. వర్క్‌షాపులో ఊడ్చి పారేసే ముక్కల కోసం ఫోర్‌మన్‌ను అడిగి గేటు చీటీ రాయించుకున్నాడు. ఆ చీటీ మీద "ఫోము ముక్కలు, పీచు, కూతురి కాళ్ళకు" అని ఉండేది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కొక్క ముక్కా లెక్కపెట్టి, "ఎన్ని కాళ్ళు సామేలన్నా నీ బిడ్డకు?" అని రోజూ అడిగేవాడు.

మొదటి మెత్త పీచుది. సెకండ్ క్లాసు సీటు లెక్కన కుట్టాడు. వేసుకుని నాలుగు చుట్లు కొట్టేసరికి పీచు బట్టలో నుంచి బయటికి వచ్చి అరికాళ్ళు గీరుకుపోయాయి. గోక్కుంటూ పరిగెత్తాను. "ఏం డాన్సే అది?" అన్నాడు హవల్దార్ మామ. అప్పుడు నాయిన ఫస్ట్ క్లాసుకు పోయాడు. నాలుగు వేళ్ళ మందం ఫోము. పైన నీలం రెగ్జిన్. ఫస్ట్ క్లాసు సీటుకు ఉన్నట్టే మధ్యమధ్యలో గుండీలు పెట్టి లోపలికి గుంజి కుట్టాడు. అది బూటులో పట్టక, దాని ముందు భాగం కత్తెరతో కోసి పట్టించాడు. నేను వేసుకుని లేచి నిలబడితే మా ఇంటి దండెం తలకు తగిలింది. నాయిన ముఖం వెలిగిపోయింది. "ఢిల్లీ దాక పోయినా నడుము నొయ్యది" అన్నాడు. నడుము సంగతి ఎవరడిగారు?

మరుసటి పొద్దున రోడ్డు మీద రెండు ఫర్లాంగులు పోయానో లేదో, కాలు ఎటు పడుతుందో నాకే తెలియలేదు. కుడికాలు ఎడమకు, ఎడమకాలు కుడికి ఒరిగిపోతూ కల్లు తాగినదానిలా ఊగిపోయాను. గుండీ ఒకటి మడమలో పొడిచింది. కాలు మడతపడి రోడ్డు పక్కన కూలబడ్డాను. హవల్దార్ మామ నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తిన్నగా మా ఇంటికే తెచ్చాడు. ఇక దాచేది ఏముంది? గుమ్మంలోనే అమ్మ. నాయిన డ్యూటీ డ్రెస్సు వేసుకుంటున్నాడు.

"అయిపాయె. బంద్" అంది అమ్మ. "రేపటిసంది పెద్దమ్మ ఇంటికి పో."

హవల్దార్ మామ నా కాలి బూటు తీసి నాయిన ముందు పెట్టాడు. "ఏం కుట్టినవ్ సామేలు భాయ్ ఇది? పోరి కాళ్ళకా, పోరి కూసునేటందుకా? నీ మెత్త కూసునేటోల్లకు. ఇది కూసుంటలేదు, ఉరుకుతున్నది!"

"ఇరువై ఏండ్ల సంది కుడుతున్న. నాకు మెత్త గురించి నువ్వు చెప్తవా?" అన్నాడు నాయిన. గొంతు లేచింది. "నేను కూసోని చూసిన. ఆమెన్ దాక సుత దిగలే."

"నువ్వు కూసున్నవ్. ఉరికినవా?"

నాయిన డ్యూటీకి పోయాడు. ఆ రోజు క్యారేజీ అమ్మ పట్టుకుపోయింది. తిరిగొచ్చి, "గదేం మనిషో, అన్నం ముద్ద పట్టుకోని గోడ దిక్కు చూస్తున్నడు" అంది. సాయంత్రం మాత్రం నాయిన అమ్మతో మెల్లగా, "తప్పు పోరిది గాదు, నాది. వారం రోజులు ఆగు. కాలు నొప్పి తక్కువైనంక ఒక్కసారి చూద్దాం. మళ్ళ కుంటితె నువ్వెట్లంటె గట్ల" అన్నాడు. అమ్మ వారం ఇచ్చింది.

మూడో రోజు పొద్దున ఇంకా అందరూ పంపు దగ్గర బిందెలు పెట్టుకుంటున్నారు. నాయిన తన డ్యూటీ బూట్లలో ఆ ఫస్ట్ క్లాసు మెత్తలే కోసి పెట్టుకుని, ఖాకీ ప్యాంటు పైకి మడిచి, లైను మొగ నుంచి పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆయన బాగా లావు మనిషి. ఆయన పరిగెత్తడం మా లైనులో ఎవరూ చూడలేదు. ఎవరో "దొంగ! సామేలన్న ఇంట్ల దొంగలు పడ్డరు!" అని అరిచారు. అంతే, లుంగీలు మడిచి ఐదారుగురు ఆయన వెంట పడ్డారు. నాయిన వెనక్కి చూసి, వీళ్ళంతా ఎందుకు వస్తున్నారో తెలియక ఇంకా జోరుగా ఉరికాడు. ముందు ఎవరూ లేకపోయేసరికి వాళ్ళలో ఒకాయన, "ఎటు పోయిండే వాడు?" అని అడిగాడు. నాయిన ఆయాసంలో చెయ్యి అడ్డంగా ఊపితే, వాళ్ళు ఆ చెయ్యి చూపిన సందులోకి పోయి పాలు పోసే మనిషిని పట్టుకున్నారు. ఆ పాలాయనకు క్షమాపణ చెప్పడానికి నాయిన మరుసటి వారమంతా రెండు పూటలా పాలు పోయించుకోవాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. అమ్మ విసనకర్రతో విసురుతూ తిడుతుంటే ఆయన వినడం లేదు. నా వైపు చూసి, "రూతూ, ఇరువై ఏండ్లు కూసునేటోల్ల కోసమే చేసిన బిడ్డా. ఉరికెటోల్ల బాధ నాకెర్కనే లేదు" అన్నాడు. ఆయన నోటి వెంట అలాంటి మాట ఎప్పుడూ వినలేదు. నేను చెంబుతో నీళ్ళు ఇచ్చాను. తాగి, వెంటనే పని షురూ చేశాడు. "మనిషి సీట్ల కూసుంటె బరువు ఆడనే ఉంటది. కాలు అట్ల గాదు. గుద్దుతది, లేస్తది. గింత మెత్తలకు కాలు పోతె, మళ్ళ పైకి గుంజుకోవాలె. గందుకే సగం జోరు ఆడనే పోతున్నది. మడమ కింద జెర గట్టిది పెట్టాలె. వేళ్ళ కింద పల్చగ. గుండీలు అసలే వద్దు." చివరి మాట అన్నప్పుడు కొంచెం బాధపడ్డాడు. గుండీలు ఆయనకు ఇష్టం.

ఈసారి మెత్త సన్నగా ఉంది. బోగీల్లో వాడే మందపాటి ఉన్ని గుడ్డ ముక్కలు రెండు అంటించి, మడమ దగ్గర ఒక్క పొర గట్టి రబ్బరు పెట్టాడు. పాత దుప్పటి గుడ్డతో కుట్టాడు. కూర్చుని చూడలేదు. అమ్మ ఇచ్చిన వారం అయ్యాక నన్ను తొడుక్కొమ్మని, ఒక ఫర్లాంగు ఉరికించి, తను గోడ పక్కన నిలబడి నా అడుగుల చప్పుడు విన్నాడు. ఎక్కువ చప్పుడైతే విప్పి మళ్ళీ కోసేవాడు. అట్లా వారంలో పదకొండు జతలు. మొన్న బేగంపేట షాపులో మిషను ఒక్క నిమిషంలో చెప్పింది కూడా ఇదే. మడమ మీద బరువు పడుతుందని. ఆ తెల్ల బూట్లు కొన్నాను, చాలా బాగున్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. నాయిన పదకొండో జత కంటే కూడా సుఖంగానే ఉన్నాయి. కానీ వాటిని చేసినవాళ్ళు నా అడుగుల చప్పుడు వినలేదు.

పిక్కల ముందున్న ఎముక మంట కూడా తగ్గింది. అమ్మ ప్రతిరోజూ గడప దగ్గర నిలబడి నా నడక చూసేది, నేను కుంటలేదు. పరుగు రోజు నాయిన సెలవు పెట్టి నా వెంట వచ్చాడు. ఫ్యాక్టరీ ముందు నలభైమంది దాకా ఆడవాళ్ళున్నారు. కొందరు చీరలు దోపుకున్నారు, కొందరు ఉత్తకాళ్ళతోనే వచ్చారు. నేను హవల్దార్ మామ కోడలి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. ఎట్లా పరిగెత్తానో నాకు సరిగ్గా గుర్తు లేదు. రెండో మైలు దగ్గర కడుపులో పట్టేసింది, ఆగుదామనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ ఇంట్లో చాప కళ్ళ ముందు కనిపించింది. ఆగలేదు. తొమ్మిదోదాన్నిగా వచ్చాను.

వచ్చినవాళ్ళు బల్ల దగ్గరికి పోయి పేరు రాయించుకోవాలి. నేను ఇంకా వంగి ఊపిరి తీసుకుంటున్నాను. మేనేజరు దొర పెద్ద బూట్లలో ఉన్న నా కాళ్ళను చూసి, "ఈ షూస్ ఎక్కడివి?" అన్నాడు. అంతే. నాయిన గబగబా వచ్చి, నా కాళ్ళ నుంచి బూట్లు విప్పి, మెత్తలు బయటికి తీసి చెప్పడం మొదలుపెట్టాడు. ఉన్ని, రబ్బరు, గుండీలు ఎందుకు తీసేశాడో, దొంగను పట్టడానికి వచ్చినవాళ్ళ సంగతి, అన్నీ. మేనేజరు వింటున్నాడు. చుట్టూ జనం. నేను ఉత్తకాళ్ళతో వాళ్ళ వెనక చిక్కుకున్నాను. అటు బల్ల దగ్గర నా వెనక వచ్చినామె పేరు రాశారు, ఆ తర్వాతామె పేరు కూడా. "పది అయినయ్. బస్" అని గుమాస్తా పుస్తకం మూయబోయాడు.

నేను ఎప్పుడూ పెద్దవాళ్ళ ముందు గొంతెత్తిన దాన్ని కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అరుపు. "సార్! బూట్లు కాదు సార్! ఉరికింది నేను!"

అందరూ వెనక్కి తిరిగారు. నాయిన నోరు మాట మధ్యలో ఆగిపోయింది. మేనేజరు నా కాళ్ళు చూసి, నాయినను చూసి, పెద్దగా నవ్వాడు. "తొమ్మిది ఈ అమ్మాయిది. రాయండి. పదకొండో ఆమెను కూడా ఉంచండి, తప్పు మనది" అన్నాడు. సోమవారం పొద్దున ఏడింటికి పనికి రమ్మన్నారు. బూట్లు మాత్రం, టీములో మిగతావాళ్ళకు చూపిస్తానని మేనేజరు తన దగ్గరే పెట్టుకున్నాడు. నాయిన నన్ను అడగకుండానే "పెట్టుకోండి సార్, పెట్టుకోండి" అన్నాడు.

బస్‌స్టాపు దూరం. ఎండ అప్పటికే ఎక్కింది, తారు మెత్తబడుతోంది. నాలుగడుగులు వేసి నేను ఎగిరి దూకేసరికి నాయినకు అప్పుడు గుర్తొచ్చింది నా కాళ్ళకు ఏమీ లేవని. ఆయన తన చెప్పులు విప్పి నా ముందు పెట్టాడు. వద్దంటే వినలేదు. ఆ పెద్ద చెప్పుల్లో నేను టపటపా నడుస్తుంటే, ఆయన ఉత్తకాళ్ళతో, అంత పెద్ద మనిషి, ఒక కరెంటు స్తంభం నీడ నుంచి ఇంకో కరెంటు స్తంభం నీడలోకి గెంతుకుంటూ వచ్చాడు. సన్నటి నీడలో రెండు కాళ్ళూ ఇరికించుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, "ఎన్ని గంటలకు రమ్మన్నరు?" అని అడిగాడు.

"ఏడింటికి నాయినా, సోమారం" అన్నాను.

తల ఊపి ఇంకో స్తంభం దాకా దూకాడు. అక్కడ నిలబడి, "ఎన్నింటికన్నవ్?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. బస్‌స్టాపు వచ్చేదాకా ఎన్ని స్తంభాలు ఉంటే అన్నిసార్లు అడిగాడు. అన్నిసార్లూ చెప్పాను.